యంత్రానికి ఎవరి ముఖం?

గత నెలలో కోరుట్లలోని ఒక ఉర్దూ మాధ్యమ పాఠశాలకు వెళ్లినప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలకు తెల్ల కాగితాలు పంచి ఒక చిన్న పని అప్పగించాం. కృత్రిమ మేధ, ఉర్దూలో చెప్పాలంటే మస్నూయీ జహానత్, ఎలా ఉంటుందని మీరు అనుకుంటున్నారో బొమ్మ గీయండి అన్నాం. ముప్పై మందికి పైగా గీశారు. సగానికి మించి కాగితాలపై మనిషి ఆకారంలో ఉన్న రోబోలే కనిపించాయి. చదరపు తల, ఛాతీపై మీటలు, ఒకరిద్దరి బొమ్మల్లో చేతిలో తుపాకీ. కొందరు మెదడు గీసి చుట్టూ మెరుపులు దిద్దారు. ఒక బాలిక టీవీలో వార్తలు చదివే అమ్మాయిని గీసి, అది మనిషి కాదని తెలిసేలా మెడ దగ్గర తీగలు పెట్టింది. ఇద్దరు మాత్రం ఫోను గీశారు.

పిల్లల ఊహాశక్తికి ముచ్చటపడ్డాం. తిరుగు ప్రయాణంలో మాత్రం మరో ఆలోచన మమ్మల్ని వదలలేదు. ఆ పిల్లల్లో చాలామంది తల్లులు బీడీలు చుడతారు, తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు, ఇంట్లో రేషన్ బియ్యం వండుకుంటారు. రేషన్ కార్డుకు, పింఛనుకు, పోలీసు తనిఖీకి కంప్యూటరు తీర్పు ఇవాళ ఏదో రూపంలో ముడిపడి ఉన్నది. అయినా ఒక్క కాగితంపైనా రేషన్ దుకాణం లేదు. పింఛను తీసుకుంటున్న నానమ్మ లేదు. కూడలిలోని కెమెరా లేదు. పిల్లలను తప్పుపట్టలేం. పెద్దలమైన మనం వారికి చూపించిన బొమ్మలనే వారు తిరిగి మన చేతిలో పెట్టారు.

ఆ బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పడం కష్టం కాదు. 2010లో రజనీకాంత్ నటించగా శంకర్ దర్శకత్వం వహించిన తమిళ చిత్రం తెలుగులో ‘రోబో’గా వచ్చింది. అందులోని చిట్టి మన ఇళ్లలో బంధువులా స్థిరపడ్డాడు. సినిమాను నిందించడం మా ఉద్దేశం కాదు, అది వినోదం. సినిమా అల్లిన కథనే పత్రికలు వార్తలకు బొమ్మగా వాడుకోవడమే మా అభ్యంతరం. ఏఐ మీద ఏ వార్త వచ్చినా పక్కన నీలిరంగు మెదడు, లేదా కీబోర్డు ముందు ఆలోచనలో మునిగిన తెల్లని రోబో. మరీ తరచుగా కనిపించేది ఇంకొకటి ఉన్నది. ఒక మనిషి చేయి, ఒక లోహపు చేయి, వేళ్ల కొసలు తాకీ తాకనట్టు ఉంటాయి. వాటికన్ నగరంలోని సిస్టీన్ చాపెల్ పైకప్పుపై మైకెలాంజెలో గీసిన ఆదాము సృష్టి చిత్రానికి అది అనుకరణ. సృష్టికర్తకు రూపం కల్పించని సంప్రదాయంలో పెరిగిన మనకు ఆ చిత్రం చెప్పదలచిన సంగతి వెంటనే తట్టకపోవచ్చు. దాని భావం మాత్రం ఇదే: ఈ యంత్రం ఒక కొత్త సృష్టి, దానికి ప్రాణం పోసినవాడు దేవుడంతటివాడు. రేషన్ కార్డుల జాబితాను వడపోసే ఒక కంప్యూటరు ప్రోగ్రాముకు ఇంతటి కిరీటం ఎందుకు పెడుతున్నారు?

ఒప్పుకోవలసిన తప్పు ఒకటి మా వద్దా ఉన్నది. ఇదే పత్రికలో గతంలో ఏఐ గురించి వ్యాసం వేసినప్పుడు మేమూ ఆ నీలిరంగు రోబోనే అచ్చు వేశాం. ఉచితంగా దొరికింది, పేజీ నిండింది.

ఈ బొమ్మలను నిశితంగా పరిశీలించినవారు లేకపోలేదు. 2020లో కేంబ్రిడ్జికి చెందిన పరిశోధకులు స్టీఫెన్ కేవ్, కాంతా దిహాల్ ‘ఏఐ తెల్లదనం’ గురించి ఒక వ్యాసం రాశారు. సినిమాల్లో, ప్రకటనల్లో, పత్రికల బొమ్మల్లో తెలివైన యంత్రానికి దాదాపు ఎప్పుడూ తెల్లని చర్మమో, తెల్లవారి ముఖమో, తెల్లవారి గొంతో ఉంటున్నదని వారు చూపారు. తెలివి, అధికారం ఎవరి సొత్తు అన్న పాత భావనే కొత్త ప్లాస్టిక్ తొడుక్కున్నదని దీని సారాంశం. 2021 చివరలో బ్రిటన్‌లో ‘బెటర్ ఇమేజెస్ ఆఫ్ ఏఐ’ అనే ప్రయత్నం మొదలై, యంత్రం వెనుక ఉన్న మనుషులను, తీగలను, సమాచారాన్ని చూపే చిత్రాలను పత్రికలకు ఉచితంగా అందిస్తున్నది. మంచి పనే. అయితే ఆ చిత్రాల్లో కోరుట్ల కనిపించాలంటే గీయవలసింది కోరుట్లవారే.

తెల్ల యంత్రానికి దక్కిన గౌరవం ఎంతటిదో మన జగిత్యాల, కోరుట్ల గల్ఫ్ కుటుంబాలకు ఒక ఉదాహరణతో ఇట్టే అర్థమవుతుంది. హాంకాంగ్‌లోని ఒక కంపెనీ తయారుచేసిన సోఫియా అనే రోబోకు 2017 అక్టోబరులో రియాద్‌లో జరిగిన పెట్టుబడుల సదస్సులో సౌదీ పౌరసత్వం ప్రకటించారు. అప్పటికి ఆ దేశపు మహిళలకు కారు నడిపే అనుమతి అమల్లోకి రాలేదు. మన ఊళ్ల నుంచి వెళ్లి ఇరవై, ముప్పై ఏళ్లు ఆ ఎండలో ఇనుము వంచినవారికి, గొర్రెలు కాసినవారికి, ఇళ్లలో పాచిపని చేసినవారికి పౌరసత్వం మాట అటుంచి, కఫీలు అనుమతి లేకుండా యజమానిని మార్చుకునే వీలు కూడా ఉండేది కాదు. మరుసటి ఫిబ్రవరిలో అదే సోఫియా హైదరాబాద్‌కు వచ్చింది. 2018 ఫిబ్రవరి 20న ప్రపంచ ఐటీ మహాసభ వేదికపై కూర్చుని ప్రశ్నలకు జవాబులిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ముఖ కండరాలు కదిలించే ఒక బొమ్మను ఆలోచించే జీవిగా చూపడం మోసమని ఆ రంగంలోని ప్రముఖ శాస్త్రవేత్త యాన్ లెకున్ అప్పటికే ఘాటుగా విమర్శించి ఉన్నారు. ఆ విమర్శ చప్పట్ల హోరులో ఎవరికీ వినిపించలేదు.

తర్వాత బొమ్మకు చీర కట్టారు. 2023 మార్చిలో ఒక హిందీ ఛానల్ ‘సనా’ అనే ఏఐ యాంకరును పరిచయం చేసింది. పేరు మన ఇళ్లలోని ఆడబిడ్డల పేరు, ముఖం మాత్రం ఏ ఇంటిదీ కాదు. జూలైలో ఒడిశా టీవీ ‘లిసా’ను చేనేత చీరలో తెరపైకి తెచ్చింది. అదే కాలంలో తెలుగులో బిగ్ టీవీ ‘మాయ’ను ప్రవేశపెట్టింది. పేరు పెట్టినవారు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, అంతకన్నా నిజాయితీ గల పేరు మరొకటి దొరకదు. 2024 మేలో డీడీ కిసాన్‌లో ‘క్రిష్’, ‘భూమి’ వచ్చారు, యాభై భాషల్లో మాట్లాడగలరన్నారు. కోరుట్ల బాలిక గీసిన తీగల మెడ అమ్మాయి ఈ వరుస నుంచి వచ్చినదే.

చేనేత చీర కట్టిన యంత్రం అన్న మాట విన్నప్పుడు సిరిసిల్ల గుర్తుకురావడం సహజం. కోరుట్ల నుంచి మేము సిరిసిల్లకు వెళ్లాం. పవర్‌లూమ్ షెడ్డులో మాట వినబడాలంటే చెవి దగ్గరకు వంగి అరవాలి. అక్కడ ఒక ఆసామి తన ఫోనులో మాకొక పోస్టర్ చూపారు. ఏదో దుకాణం వారు సిరిసిల్ల చీరల కోసం ఏఐతో చేయించుకున్నారట. అందులో ఒక ముసలి నేతకారుడు, తలపాగా, తెల్ల గడ్డం, చెక్కమగ్గం, వెనుక నుంచి బంగారు కాంతి. ఆ ఆసామి నవ్వి అన్న మాట ఇది: “ఇండ్ల నేను లేను, నా సాంచె లేదు, ఈ దూదిపొడి లేదు.” పవర్‌లూమును సిరిసిల్లలో సాంచె అంటారని పాఠకులకు తెలియనిది కాదు.

ఆయన గమనించింది ఆ ఒక్క పోస్టరుకే పరిమితమైన లోపం కాదు. 2023లో ‘రెస్ట్ ఆఫ్ వరల్డ్’ అనే వార్తాసంస్థ ఏఐ గీసిన మూడు వేల చిత్రాలను పరిశీలించింది. ‘భారతీయ వ్యక్తి’ అని అడిగితే వచ్చిన వంద బొమ్మల్లో దాదాపు అన్నీ గడ్డం, తలపాగా ఉన్న వృద్ధ పురుషులవే. ఇంటర్నెట్‌లో పేరుకున్న చిత్రాలను నమిలి, వాటిలో ఎక్కువగా కనిపించినదానినే సత్యంగా ఉమ్మే పద్ధతి అది. సిరిసిల్ల కార్మికుని ఫోటో ఇంటర్నెట్‌లో అరుదు, పర్యాటకుల కోసం తీసిన చేనేత ఫోటోలు కోకొల్లలు.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలనిపిస్తున్నది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డు రంధ్రాలు పొడిచిన అట్టల వరుసతో నమూనా నేసే మగ్గాన్ని రూపొందించాడు. రంధ్రం ఉంటే దారం లేస్తుంది, లేకుంటే లేవదు. ఆ అట్టలను చూసే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి సూచనలిచ్చే పద్ధతి ఊహించాడు. కంప్యూటరు వంశవృక్షంలో పెద్ద వేరు ఒకటి మగ్గంలో ఉన్నది. జకార్డు, డాబీ అన్న మాటలు మన నేతపనివారి నోట రోజూ పలికేవే. అల్గారిథమ్ అన్న మాటకు మూలం బాగ్దాదులో గణితం రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరని మన సభల్లో ఉపన్యాసకులు తప్పక గుర్తుచేస్తారు. గుర్తుచేయవచ్చు, గర్వపడవచ్చు. ఆయన పేరుతో నడిచే లెక్క మన ఇంటి బియ్యం ఆపినప్పుడు ఎవరిని అడగాలో మాత్రం ఆ ఉపన్యాసాల్లో ఉండదు.

ఆ లెక్క సంగతికే వస్తున్నాం. తెలంగాణలో సామాన్యుని జీవితాన్ని అందరికన్నా గట్టిగా తాకిన యంత్ర మేధకు ముఖం లేదు, చీర లేదు, గొంతు లేదు. దానికి సమగ్ర వేదిక అని పేరు. వేర్వేరు శాఖల దగ్గర ఉన్న సమాచారాన్ని, అంటే వాహనాల రిజిస్ట్రేషను, ఆస్తులు, కరెంటు కనెక్షను, పన్నులు మొదలైనవాటిని పేరు, చిరునామాల పోలికతో కలిపి, ఫలానా దరఖాస్తుదారు ఫలానా ఆస్తిపరుడే అని అది తేలుస్తుంది. మొదట నేరస్థులను పట్టుకునేందుకని చెప్పారు, తరువాత సంక్షేమానికి తెచ్చారు. 2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో 18 లక్షల 60 వేలకు పైగా ఆహారభద్రత కార్డులు రద్దయ్యాయి, 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. ముందస్తు నోటీసు లేదు. ఇవన్నీ యంత్రం ఒక్కటే చేసిన పనులని మేము అనడం లేదు. యంత్రం చెప్పినదానిని ఇంటికి వెళ్లి సరిచూడకుండానే కార్డు తీసేసిన అధికారులు, అలా తీసేయమన్న విధానం కూడా ఉన్నాయి.

2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధనా కథనం హైదరాబాద్‌కు చెందిన ఒక వృద్ధ ముస్లిం మహిళ గాథను చెప్పింది. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు. 2016లో వారి కార్డు పోయింది. కారణం, ఆ భర్తకు కారు ఉన్నదట. ఆ కారు అతనికి దగ్గరి పేరు గల మరో మనిషిది. తప్పు బయటపడేందుకు ఏళ్లు పట్టింది. అప్పటికి భర్త కన్నుమూశాడు. ఇందులో రోబో ఎక్కడా లేదు. తుపాకీ లేదు, మెరుపు లేదు. ఒక వరుసలోని పేరు, మరో వరుసలోని పేరు, మధ్య ఒక అంచనా. కోరుట్ల పిల్లలు గీయలేకపోయిన బొమ్మ ఇదే, గీయడం నిజంగానే కష్టం.

పేర్ల సంగతి మన సమాజానికి ప్రత్యేకించి పట్టించుకోవలసినది. జగిత్యాలలో ఒక్క మొహల్లాలోనే సయ్యద్ అలీలు ఎంతమంది ఉంటారు? మహమ్మద్ అన్న పేరు ఒక కార్డులో ఎండీ అని, ఇంకొకదానిలో మొహమ్మద్ అని, మూడో దానిలో మహ్మద్ అని ఉంటుంది. తల్లి పేరు ఓటరు జాబితాలో బీ, ఆధారులో బేగం, బీడీ కంపెనీ రిజిస్టరులో వట్టి పిలుపు పేరు. మన పేర్లకు ఇంటిపేరు ముందు ఉండదు. ఉర్దూ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లిషుకు మారేటప్పుడు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పడుతుంది. పోలికను బట్టి మనుషులను కలిపే యంత్రానికి ఇంతకన్నా జారుడు నేల ఉంటుందా? దీనిలో ఎవరి ద్వేషమూ ఉండనక్కర లేదు. నిర్లక్ష్యమే చాలు.

సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో జోక్యం చేసుకుని, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని ఆదేశించింది. ఆ పిటిషన్ వేసినవారు హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్. పునఃపరిశీలనకు 4,91,899 దరఖాస్తులు రాగా, ఆ ఏడాది జూలై నాటికి చూసిన 2,05,734లో 15,471 కుటుంబాలు అర్హులని తేలింది. నూటికి ఏడున్నర మంది. ఈ అంకెను చూసి, మిగతా తొంభై రెండున్నర మంది విషయంలో యంత్రం సరిగానే చెప్పింది కదా అనేవారున్నారు. దరఖాస్తు పెట్టుకునే స్థోమతే లేనివారి లెక్క ఇందులో లేదు. పోనీ, లెక్క సరైనదే అనుకుందాం. పదిహేను వేల పొయ్యిల మీద ఏళ్ల తరబడి లేకుండా పోయిన అన్నానికి ఏ శాఖ, ఏ అధికారి జవాబుదారీ? ఇంతవరకు మాకు జవాబు కనబడలేదు.

మన దేశమే కాదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకునే కుటుంబాల్లో మోసగాళ్లను పట్టేందుకు పన్ను శాఖ ఇలాంటి లెక్కనే వాడింది. విదేశీ జాతీయతను అనుమానానికి ఒక కొలతగా పెట్టుకున్నది. వేలాది కుటుంబాలు, వాటిలో ఎక్కువ వలస కుటుంబాలు, అప్పుల్లో కూరుకున్నాయి. 2021 జనవరిలో ఆ దేశ ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది.

ఇక జగిత్యాల. బీడీలు చుట్టే మహిళలకు రాష్ట్రం పింఛను ఇస్తున్నది, ఇది మెచ్చుకోదగినదే. తునికాకు, తంబాకు, దారంతో నలభై ఏళ్లు గడిపిన చేతికి వేలిముద్ర మిగలదు. యంత్రంపై వేలు పెడితే మనిషి లేనట్టే. ఈ ఇబ్బంది తీర్చేందుకని 2025లో రాష్ట్ర ప్రభుత్వం పింఛన్ల పంపిణీలో ముఖ గుర్తింపును ప్రవేశపెట్టింది. మేము కలిసిన ఒక ఖాలా మాటల్లో, “ఉంగ్లియాఁ ఘిస్ గయే, అబ్ చెహ్రా దిఖావ్ బోల్‌రేఁ.” వేళ్లు అరిగాయి, ఇప్పుడు ముఖం చూపించమంటున్నారు. ఆమెకు ఫిర్యాదు లేదు, నిజానికి వేలిముద్ర బాధ తప్పిందని సంతోషపడ్డారు. ఆ సంతోషాన్ని మేము తక్కువ చేయం. వంగిన నడుముతో మూడుసార్లు తిరిగే బదులు ఒకసారితో పని అయితే అది మేలే. మేము అడిగింది వేరు. ఒకవేళ ముఖం కూడా కుదరకపోతే ఏం చేయాలని మీకు ఎవరైనా చెప్పారా? లేదన్నారు. ముఖం ఫోటో ఎక్కడికి పోతుందో చెప్పారా? ఆమె మమ్మల్ని వింతగా చూశారు. ఆమెకు ఏఐ అంటే తెలుసా అని కూడా అడిగాం. మనవడి ఫోనులో ఆడే బొమ్మ అన్నారు. పది నిమిషాల క్రితం తన ముఖాన్ని పోల్చి చూసింది కూడా ఆ కోవకు చెందిన యంత్రమేనని ఆమెకు చెప్పినవారు లేరు.

కెమెరాల విషయంలో కొంత జాగ్రత్తగా మాట్లాడాలి. కూడలిలో ఉన్న ప్రతి కెమెరా కృత్రిమ మేధ కాదు. ‘నేను సైతం’ అంటూ చందాలతో పెట్టిన వాటిలో చాలా వరకు మామూలు రికార్డు కెమెరాలే, దొంగతనాలు దొరికిన సందర్భాలూ ఉన్నాయి. ఆ చిత్రంలోని ముఖాన్ని ఏదో ఒక జాబితాతో పోల్చినప్పుడు అది మరొకటి అవుతుంది. తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లో 2018లోనే ముఖ గుర్తింపు చేరింది. 2021 మేలో లాక్‌డౌన్ రోజుల్లో ఇంతకుముందు చెప్పిన మసూద్‌ను పాతబస్తీలో పోలీసులు ఆపి, మాస్కు తీయమని, ఆయన నిరాకరించినా ఫోటో తీశారు. ఎందుకు, ఏ చట్టం కింద, ఎక్కడ దాస్తారని ఆయన నోటీసు పంపారు, జవాబు రాకపోవడంతో హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. 2021 నవంబరులో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ స్వచ్ఛంద కార్యకర్తలతో లెక్క వేయించి, కాలాపత్తర్‌లో 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం నేల కెమెరాల చూపు కింద ఉన్నదని అంచనా కట్టింది. ఆ రెండూ ఎవరి బస్తీలో పాఠకులకు చెప్పనక్కర లేదు. మన మూడు పట్టణాల కెమెరాలలో వేటికి ముఖాలు పోల్చే సామర్థ్యం ఉన్నదో తెలుసుకునే హక్కు మనకున్నది. సమాచార హక్కు చట్టం కింద మేము ఈ ప్రశ్న వేస్తున్నాం.

ఇంతదాకా యంత్రాన్ని మనకు ఎలా గీసి చూపుతున్నారో చెప్పాం. యంత్రంతో మనల్ని ఎలా గీస్తున్నారో కూడా ఒక మాట చెప్పక తప్పదు. సెంటర్ ఫర్ ద స్టడీ ఆఫ్ ఆర్గనైజ్డ్ హేట్ అనే పరిశోధనా సంస్థ 2023 మే నుంచి 2025 మే వరకు 297 బహిరంగ ఖాతాలు పెట్టిన 1,326 ఏఐ చిత్రాలు, వీడియోలను పరిశీలించింది. ముస్లిములను కుట్రదారులుగా, అమానుషులుగా చూపేవి, అన్నింటికన్నా నీచంగా ముస్లిం మహిళలను అసభ్యంగా చూపేవి వాటిలో ఉన్నాయి. జనం ఎక్కువగా చూసింది, పంచుకున్నది ఆ చివరి రకాన్నే. పాతకాలంలో ఒక అబద్ధపు చిత్రం గీయాలంటే చిత్రకారుడు కావాలి, కొంత సమయం కావాలి, కొంత సిగ్గు కూడా విడవాలి. ఇప్పుడు ఒక వాక్యం టైపు చేస్తే చాలు.

దీనికి చట్టం ఎలా స్పందిస్తున్నదో పోల్చి చూసేందుకు మన రాష్ట్రంలోనే ఒక ఘటన ఉన్నది. 2025 మార్చి నెలాఖరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుకున్నారు. జింకలు, నెమళ్లు పారిపోతున్నట్టు చిత్రాలు దేశమంతా తిరిగాయి, వాటిలో కొన్ని ఏఐతో చేసినవే. సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. రాష్ట్ర ప్రభుత్వం ఆ చిత్రాలపై కేసులు పెట్టింది. బుల్డోజర్ల ముందు జంతువులున్న ఒక ఏఐ చిత్రాన్ని పంచుకున్నందుకు ఐఏఎస్ అధికారి స్మితా సబర్వాల్‌కు కూడా పోలీసు నోటీసు వెళ్లింది. నకిలీ చిత్రం నకిలీయే, మనకు అనుకూలమైన నకిలీనైనా మేము సమర్థించం. బుల్డోజర్లు మాత్రం నకిలీ కావు. నకిలీ జింక బొమ్మ విషయంలో అంత వేగంగా కదిలిన పోలీసు యంత్రాంగం, మన ఆడబిడ్డల ముఖాలతో చేస్తున్న బొమ్మల విషయంలో అందులో సగం వేగమైనా చూపాలని అడగడం న్యాయం కాదా?

యంత్రం వెనుక మనుషులు లేరన్నది ఆ తెల్ల రోబో బొమ్మ చెప్పే అబద్ధాల్లో ఇంకొకటి. కోల్‌కతాలో, ఒకప్పుడు నవాబ్ వాజిద్ అలీ షా ప్రవాస జీవితం గడిపిన మెటియాబురుజ్‌లో, ముస్లిం యువతులు కంప్యూటర్ల ముందు కూర్చుని ఫోటోల్లో ఇది చెట్టు, ఇది బండి, ఇది మనిషి అని గీతలు గీసి గుర్తులు పెడుతుంటారు. ఆ గుర్తుల నుంచే యంత్రాలు చూడడం నేర్చుకుంటాయి. ఆ పనిని మేము తక్కువగా చూడడం లేదు, ఇంటికి దగ్గరలో గౌరవంగా దొరికే ఉపాధి మన పట్టణాల చదువుకున్న ఆడపిల్లలకూ కావాలి. పత్రికల్లోని రోబో బొమ్మలో వారి చేతులు ఎక్కడా లేవన్నదే మా మాట.

రాష్ట్రం 2020ని కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించుకున్నది. 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో ప్రపంచ ఏఐ సదస్సు జరిగింది, 200 ఎకరాల్లో ఏఐ నగరం కడతామన్నారు. కట్టనివ్వండి, మన పిల్లలూ అందులో ఉద్యోగాలకు వెళ్లాలి. అంతకుముందు ఒక చిన్న పని చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. రేషన్, పింఛను, ఇల్లు, ఏ పథకంలోనైనా కంప్యూటరు పోలికతో ఒకరి పేరు ఆగితే, ఆ సంగతి తెలుగులో, ఉర్దూలో రాతపూర్వకంగా చెప్పాలి. ఏ ఆస్తితో, ఏ వాహనంతో పోల్చారో అందులో ఉండాలి. మండల కార్యాలయంలో ఒక మనిషి ఆ కుటుంబం మాట విన్న తరువాతే పేరు తీసేయాలి. ముఖం కుదరనివారికి వేరే దారి ఏమిటో పింఛను ఇచ్చే చోట గోడపై రాసి పెట్టాలి. వీటిలో దేనికీ 200 ఎకరాలు అక్కర లేదు.

మన మస్జిద్ కమిటీలకు, మహిళా సంఘాలకు, యువజనులకు కూడా ఒక మనవి. 2025లో కొత్త రేషన్ కార్డుల పంపిణీ మొదలయ్యాక మన మొహల్లాల్లో కొందరి దరఖాస్తులు ఇంకా కదలలేదని విన్నాం. జుమా తరువాత అరగంట కేటాయించి, ఆధార్, రేషన్, పీఎఫ్, ఓటరు కార్డుల్లో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. దరఖాస్తు తిరస్కరించారని నోటిమాటగా చెబితే వెనుదిరగవద్దు, కారణం కాగితంపై అడగండి, ఇవ్వకుంటే సమాచార హక్కు కింద అడగవచ్చు. వాట్సాప్‌లో ఏ చిత్రం వచ్చినా, అది మన కోపానికి నచ్చేదైనా సరే, ఎవరు తీశారో తెలియకుండా ముందుకు పంపవద్దు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠకులు తమకు గానీ పొరుగువారికి గానీ వచ్చిన తిరస్కరణ కాగితాల నకళ్లను ఈ నెలాఖరులోగా మాకు పంపితే, వాటన్నింటినీ కలిపి మూడు పట్టణాల తహసీల్దార్లకు, కలెక్టర్లకు అందజేస్తాం. పేర్లు అచ్చు వేయం. కోరుట్ల పాఠశాల ఉపాధ్యాయులు వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. ఈసారి పిల్లలను ముందుగా రేషన్ దుకాణానికి, తపాలా కార్యాలయానికి తీసుకుపోయి, ఆ తరువాత కాగితాలు పంచుతాం. వారు గీసినవాటిలో ఒకటి రాబోయే సంచిక ముఖచిత్రంగా వస్తుంది.